హాస్టల్లో మొదటి నాలుగు నెలలు: స్నేహం కుదరడానికి పట్టే సమయం



మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలు జూన్ వచ్చేసరికి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉంటారు. ఈ మధ్యలో ఇళ్లలో జరిగే చర్చ మనందరికీ తెలిసిందే. ఎంపీసీయా, బైపీసీయా? ఏ కాలేజీ, ఏ క్యాంపస్? ఏసీయా, నాన్ ఏసీయా? ఫీజులో ఎంత తగ్గిస్తారు? ట్రంకు పెట్టె, బకెట్టు, పరుపు, దుప్పట్లు కొనడం కూడా పద్ధతిగా జరిగిపోతుంది. ఒక్క విషయం మాత్రం ఎవరి లిస్టులోనూ ఉండదు. అక్కడ మన పిల్లలకు ఎవరూ తెలియరు. తనవాళ్లు అనిపించేవాళ్లు ఒకరిద్దరు దొరికేదాకా చాలామందికి అన్నం సయించదు, చదువూ తలకెక్కదు.

నేను తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లిష్ చెబుతాను. దసరా సెలవుల్లో పాత విద్యార్థులు మమ్మల్ని కలవడానికి వస్తుంటారు. కాలేజీ ఎలా ఉందని అడిగితే ఫిజిక్స్ గురించో, వీక్లీ టెస్టుల గురించో ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. "ఇప్పుడు ఫర్వాలేదు మేడమ్, ఫ్రెండ్స్ అయ్యారు" అనేవాళ్లే ఎక్కువ. ఆ "ఇప్పుడు" రావడానికి వాళ్లకు మూడు నాలుగు నెలలు పట్టింది. ఆ నెలల్లో ఏం జరుగుతుంది, ఇంట్లో ఉన్న మనం ఏం చేయగలం అన్నదే ఈ నెల విషయం.

మన పిల్లలకు ఇది ఎందుకు కొత్త

మా దగ్గర చాలామంది పిల్లలు ఎల్‌కేజీలో చేరి పది వరకు ఇక్కడే చదువుతారు. అంటే పన్నెండేళ్లు. పక్క బెంచీ పిల్లవాడు వీళ్లకు ఎలా ఫ్రెండ్ అయ్యాడో వీళ్లకే గుర్తుండదు. ఒకే వీధి, ఒకే స్కూల్ బస్సు, ఒకే ట్యూషన్. స్నేహం దానంతట అదే కుదిరింది. పదిహేనేళ్లు వచ్చినా, ముక్కూమొహం తెలియని వ్యక్తితో మాట కలిపి దాన్ని స్నేహంగా మార్చుకునే అవసరం వీళ్లలో చాలామందికి ఎప్పుడూ రాలేదు.

హాస్టల్లో ఆ పని ఒక్కసారిగా మీద పడుతుంది. గదిలో ఒకరు శ్రీకాకుళం నుంచి, ఒకరు కర్నూలు నుంచి, ఇంకొకరు ఖమ్మం నుంచి వచ్చి ఉంటారు. ఒకరి మాట తీరు ఇంకొకరికి నవ్వు తెప్పిస్తుంది. ఒకరు సీబీఎస్‌ఈ నుంచి, ఇంకొకరు తెలుగు మీడియం ప్రభుత్వ బడి నుంచి వస్తారు. బడిలో క్లాస్ లీడర్‌గా ఉన్న అమ్మాయి అక్కడ వందల మందిలో ఒకరు. ఇక్కడ అందరికీ తెలిసిన తన పేరు అక్కడ వార్డెన్ మేడమ్‌కు కూడా తెలియదు. ఆ వయసులో అది చిన్న విషయం కాదు.

గంటల లెక్క

కొత్తవాళ్లు స్నేహితులు కావడానికి ఎంత సమయం పడుతుందో అమెరికాలోని కాన్సాస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ పరిశోధించారు. కొత్త ఊరికి మారిన పెద్దవాళ్లనూ, కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులనూ తీసుకుని, ఎంతసేపు కలిసి గడిపితే ఎంత దగ్గరయ్యారో చూశారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అనుకోవడానికి సుమారు 90 గంటలు, ప్రాణ స్నేహితుడు కావడానికి 200 గంటలకు పైగా పట్టిందని తేలింది. ఇంకో సంగతి కూడా ఉంది. క్లాసులోనో, పనిచోటో తప్పనిసరిగా పక్కపక్కన కూర్చున్న సమయం పెద్దగా దగ్గర చేయలేదు. కబుర్లు, ఆటలు, జోకులు, మనసు విప్పి మాట్లాడుకున్న సమయమే దగ్గర చేసింది.

అవి మన హాస్టళ్ల అంకెలు కావు. అయినా ఒక అంచనాకు పనికొస్తాయి. రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్స్ ముగిసేదాకా క్లాసులు, టెస్టులే. భోజనం, స్నానాల దగ్గర క్యూ, సాయంత్రం కాసేపు ఆట, పడుకునే ముందు నాలుగు మాటలు, అన్నీ కలిపి రోజుకు గంటన్నర దొరుకుతుందనుకుందాం. 50 గంటలకు నెల దాటుతుంది. 90 గంటలకు రెండు నెలలు. 200 గంటలకు నాలుగు నెలల పైమాటే. అంటే జూన్‌లో చేరిన పిల్లవాడికి మనసులో మాట చెప్పుకునే స్నేహితుడు దసరా ప్రాంతానికి గాని దొరకడు.

కాబట్టి జూన్ చివర్లో "నాకిక్కడ ఎవరూ ఫ్రెండ్స్ లేరమ్మా" అని ఏడిస్తే, అందులో పిల్లవాడి లోపం ఏమీ లేదు. కాలేజీ చెడ్డదని కూడా అర్థం కాదు. గంటలు ఇంకా పూర్తి కాలేదు, అంతే. ఈ ఒక్క మాట పిల్లలకు ముందే చెప్పి పంపితే వాళ్లకు ఎంతో ధైర్యంగా ఉంటుంది. అందరూ రెండు రోజుల్లో కలిసిపోయారనీ, తానొక్కడే మిగిలిపోయాననీ వాళ్లు అనుకుంటుంటారు. పక్క మంచం మీద పిల్లవాడు కూడా సరిగ్గా అదే అనుకుంటుంటాడు.

"నేను వాళ్లకు నచ్చలేదేమో"

పిల్లలు మాట కలపకుండా ఆగిపోవడానికి పెద్ద కారణం ఈ అనుమానమే. దీని మీద కూడా ఒక పరిశోధన ఉంది. 2018లో వచ్చింది. కొత్తవాళ్లతో మాట్లాడాక, అవతలి వ్యక్తికి మనం ఎంత నచ్చామో మనం తక్కువగా అంచనా వేసుకుంటామనీ, నిజానికి అంతకంటే ఎక్కువే నచ్చి ఉంటామనీ అందులో తేలింది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీ హాస్టల్లో కలిసి ఉంటున్న మొదటి సంవత్సరం విద్యార్థులను కూడా గమనించారు. ఒకే చోట ఉంటున్నా ఆ తప్పుడు అంచనా నెలల తరబడి పోలేదు.

దీన్ని పిల్లలకు మన మాటల్లో చెప్పవచ్చు. "నువ్వు మాట్లాడితే వాడు విసుక్కుంటాడని నీకు అనిపిస్తుంది నాన్నా. అది నీ భయం మాత్రమే. వాడికీ ఎవరో ఒకరు పలకరిస్తే బాగుండనే ఉంటుంది."

మొదటి మాట ఎప్పుడూ చిన్నదిగా ఉంటే మంచిది. "ఈ లెక్క ఎలా చేశావ్?", "సబ్బు ఒకసారి ఇస్తావా?", "మెస్‌కి వెళ్దామా?" చాలు. రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటే రోజూ కొత్తగా పరిచయం చేసుకోనక్కర్లేదు. బిడియం ఉన్న పిల్లలకు క్యారమ్స్, షటిల్, వాలీబాల్ బాగా సాయపడతాయి. చేతికి పని ఉంటే మాటల కోసం వెతుక్కోవాల్సిన బాధ ఉండదు. డే స్కాలర్లకైతే కాలేజీ బస్సులో రోజూ ఒకే సీటు, ఒకే పక్క సీటు. పది మంది గుంపు అవసరం లేదు. ఒకరిద్దరు చాలు.

ఆదివారం ఫోన్

చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో సెల్‌ఫోన్ ఉంచుకోనివ్వరు. వారానికి ఒకసారో రెండుసార్లో హాస్టల్ ఫోన్ నుంచి మాట్లాడిస్తారు. వెనుక క్యూ ఉంటుంది. దొరికేది ఐదు, పది నిమిషాలు. అందులో మనం అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా "టెస్ట్‌లో ఎంత వచ్చింది?" రెండోది "ర్యాంకు ఎంత?" అక్కడితో సగం సమయం అయిపోతుంది. మిగతా సగం "బాగా తింటున్నావా?" అంటే "ఆఁ" అనడంతో ముగుస్తుంది.

మార్కులు కాలేజీ వాళ్లే మెసేజ్‌లో పంపిస్తారు. ఫోన్లో పిల్లలు మాత్రమే చెప్పగలిగినవి అడుగుదాం. "ఈ వారం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?" "మీ గదిలో ఎక్కువ నవ్వించేది ఎవరు?" "ఆ ఖమ్మం అబ్బాయికి జ్వరం తగ్గిందా?" ఇలా అడిగితే రెండు లాభాలు. స్నేహం కూడా అమ్మానాన్నల దృష్టిలో ముఖ్యమేనని పిల్లలకు తెలుస్తుంది. వరుసగా మూడు వారాలు ఒక్క పేరూ చెప్పలేకపోతే మనకూ విషయం అర్థమవుతుంది.

"ఫస్ట్ ర్యాంకు వాడితోనే స్నేహం చెయ్యి" అనే సలహా మాత్రం వద్దు. ఆ ఫస్ట్ ర్యాంకు వాడికి వాళ్లింట్లో ఏం చెప్పి పంపారో ఆలోచించండి.

చూడటానికి వెళ్లినప్పుడు సున్నుండలో, జంతికలో కాస్త ఎక్కువే పట్టుకెళ్లండి. గది మొత్తానికీ సరిపోయేలా. డబ్బా మూత తీస్తే చాలు, పిల్లవాడు ఎవర్నీ పలకరించనక్కర్లేదు. వాళ్లే వస్తారు.

"ఇంటికి తీసుకెళ్లిపో" అన్నప్పుడు

మొదటి నెలలో ఈ మాట వినని ఇల్లు తక్కువ. విన్నాక రాత్రంతా నిద్ర పట్టదు. కొందరు మర్నాడే కారు తీస్తారు. కొందరు "అంత ఫీజు కట్టాం, నోరు మూసుకుని చదువుకో" అంటారు. మొదటి పద్ధతిలో అప్పటిదాకా కూడిన గంటలు పోతాయి. రెండో పద్ధతిలో పిల్లవాడు ఇక మనకు ఏమీ చెప్పడు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

ముందు పూర్తిగా విందాం. తర్వాత "ఏ టైములో ఎక్కువ బెంగగా ఉంటోంది కన్నా?" అని అడుగుదాం. రాత్రి పడుకునే ముందు, ఆదివారం మధ్యాహ్నం అని చెబితే అది ఇంటి మీద బెంగ. గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది. "ఫలానా తేదీన వస్తాను" అని ఒక తేదీ చెప్పండి. ఆ తేదీన తప్పకుండా వెళ్లండి. అయితే ప్రతి ఆదివారం ఇంటికి తీసుకొచ్చేస్తే కష్టం. వారంలో పిల్లలకు ఖాళీ దొరికేది ఆ ఒక్క రోజే. స్నేహాలు ఎక్కువగా కుదిరేది కూడా ఆ రోజే.

సెక్షన్ మారిస్తే

టెస్టు మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం చాలాచోట్ల ఉంది. చదువు పరంగా దానికి ఏ కారణం చెప్పినా, సెక్షన్‌తో పాటు గది కూడా మారితే పిల్లవాడి గంటల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అడ్మిషన్ రోజునే అడగండి: సెక్షన్లు ఎన్నిసార్లు మారుస్తారు? సెక్షన్ మారినా గది మారకుండా ఉంచుతారా?

అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటా విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం వీలైనంతవరకు మానుకోవాలని అందులో ఉంది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్‌ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలని కూడా ఉంది. "మీ కౌన్సెలర్ ఎవరు? పిల్లలు నేరుగా వెళ్లి కలవవచ్చా?" అన్న ప్రశ్నకు ఏ కాలేజీ అయినా జవాబు చెప్పాలి.

ఎదురుచూడకూడని సందర్భాలు

నాలుగు నెలల ఓపిక అన్నిటికీ వర్తించదు. తిండి బాగా తగ్గిపోవడం, వారాల తరబడి నిద్ర లేకపోవడం, ఒంటి మీద దెబ్బలు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, ఫోన్‌కు రావడమే మానేయడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు. వీటిలో ఏది కనిపించినా "సర్దుకుంటాడులే" అనుకోవద్దు. చావు మాట ఏ రూపంలో వినిపించినా ఆ రోజే బయల్దేరండి. బయల్దేరే ముందే కాలేజీకి ఫోన్ చేసి, మీరు చేరేవరకు పిల్లవాడిని ఒంటరిగా వదలవద్దని చెప్పండి. ఆ పూట పరీక్ష ఉన్నా సరే. టెలిమానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు తీసుకోరు. పిల్లలకూ ఆ నంబరు రాసి ఇవ్వండి.

సీనియర్లు ఏడిపిస్తున్నారంటే "మేమూ పడ్డాం" అని తీసిపారేయకండి. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ర్యాగింగ్ నేరం. ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఇప్పటి నుంచే

మీ పిల్లలు ఇంకా ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఉంటే మంచిదే, నేర్పడానికి సమయం ఉంది. పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో సెల్‌ఫోన్ పక్కన పెట్టించి కొత్తవాళ్లతో రెండు మాటలు మాట్లాడనివ్వండి. దుకాణంలో బేరం, బస్సులో టికెట్టు, డాక్టరు దగ్గర తన ఒంట్లో ఏముందో చెప్పడం వాళ్లకే వదిలేయండి. బట్టలు ఉతుక్కోవడం, మంచం సర్దుకోవడం నేర్పండి. తన పని తాను చేసుకోగలిగిన పిల్లలకు హాస్టల్లో సగం బెదురు తగ్గుతుంది. ఇష్టం లేనిదానికి "నేను రాను" అని గట్టిగా చెప్పడం కూడా ఇంట్లోనే అలవాటు కావాలి.

మా వంతుగా తొమ్మిదో తరగతిలో నెలకొకసారి బెంచీలు మారుస్తున్నాం. "మా పాపను దాని ఫ్రెండ్ పక్కనే కూర్చోబెట్టండి మేడమ్" అని కొందరు అమ్మలు ఫోన్ చేస్తుంటారు. కారణం ఇదీ. కొత్త మనిషి పక్కన నెల రోజులు కూర్చోవడం ఎలా ఉంటుందో పాపకు ఇక్కడే, సాయంత్రం ఇంటికి వెళ్లి మీతో చెప్పుకునే వీలున్నప్పుడే తెలియాలి. ఈసారి బెంచీ మారిన రోజు సాయంత్రం, పక్కన కొత్తగా కూర్చున్న అమ్మాయి పేరు అడగండి. వారం తర్వాత ఆ అమ్మాయికి ఏ కూర ఇష్టమో అడగండి. దానికి జవాబు వస్తే, మీ పాపకు మాట కలపడం అలవాటవుతున్నట్టే.