పలుకును బట్టి భావము నూహించు యంత్రము

ఎదుటివాని మనఃస్థితిని గుర్తించి తదనుగుణముగా తన నడతను మార్చుకొను కంప్యూటర్లను గూర్చిన విచారము, రోసాలిండ్ పికార్డ్ 1997లో ప్రకటించిన గ్రంథముతో ఒక శాఖగా నిలదొక్కుకొన్నది. ఫోనులో మాటాడువాడు విసిగినాడని స్వరమువలన గ్రహించి యంత్రము తాను తప్పుకొని మనుష్యునకు పిలుపు నప్పగించుట, విద్యార్థి తికమకపడుచున్నాడని కనిపెట్టి పాఠమును నెమ్మదించుట దాని ప్రయోజనములు. ఇది తెలుగు శాఖలకు పరాయి విషయమని తోచవచ్చును. మే మట్లు తలపము.

ఏలయన, ఈ పరిశోధనలో తెలుగునకు చక్కని స్థానమే కలదు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.కి చెందిన శశిధర్ కూలగుడి, కె. శ్రీనివాసరావు ప్రభృతులు 2009లో ఒక తెలుగు వాక్సంచయమును ప్రకటించిరి. విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదుగురు, స్త్రీ లైదుగురును పురుషు లైదుగురును, 15 వాక్యములను ఎనిమిదేసి భావములతో పదేసి మారులు పలికిరి. మొత్తము 12,000 పలుకులు. కోపము, కరుణ, జుగుప్స, భయము, సంతోషము, ఆశ్చర్యము, ఎత్తిపొడుపు, ఏ భావమును లేని తటస్థత అనునవి ఆ ఎనిమిది. వాక్యార్థము ఏ భావమును సూచింపనిదిగా ఎన్నుకొనబడినది. అర్థము సాయపడదు గనుక యంత్రము స్థాయిని, తీవ్రతను, అక్షరముల నిడివిని మాత్రమే ఆధారము చేసికొనవలెను.

అలంకారశాస్త్ర పాఠకులకు ఇది క్రొత్త కాదు. భరతుడు చెప్పిన సాత్త్వికభావములలో స్వరభేదము, స్వేదము, వైవర్ణ్యము కలవు. నేటి పరికరములు కొలుచుచున్నవి ఇవియే: కంఠమును మైక్రోఫోను, చెమటను చర్మముపై నుంచు విద్యుత్ పరికరము, ముఖవర్ణమును కెమెరా. కాని భరతుని మతమున అనుభావ మొక్కటియే చాలదు. విభావ వ్యభిచారిభావములతోడి సంయోగము కావలెను. యంత్రమునకు విభావము దొరకదు. కన్నీరు కనబడును, కారణము కనబడదు.

శంకుకుడు రసము ననుమానమునకు లోబరచి, నటుని చూచి రాముడనుకొనుటను చిత్తరువులోని గుఱ్ఱమును గుఱ్ఱమనుటతో పోల్చినాడు. పై సంచయము నటించిన భావముల సంచయమని దాని కర్తలే పేరులో చెప్పుకొనిరి. అది వారి నిజాయితీ. అయినను చిత్తరువులలోని గుఱ్ఱములనే చూచి నేర్చిన యంత్రము బీటిలో మేయు గుఱ్ఱమును పోల్చుకొనునా యను శంక తీరదు. ఎత్తిపొడుపు విషయమున ఈ శంక ఇబ్బడి యగును. “ఎంత గొప్ప పని చేసినావు!” అనుమాట మెప్పో దెప్పో కాకువు కొంత చెప్పును, ఆ పని యేదో ఎఱిగినవాడు తక్కినది గ్రహించును.

జగిత్యాల జిల్లా మేడిపల్లి ప్రాంతమునుండి బ్రతుకుదెరువునకు గల్ఫు దేశములకు పోయినవారు కలరు. అట్టివా డొకడు ఇంటికి ఫోను చేసి “మంచిగనే ఉన్న” నని చెప్పినా డనుకొందము. స్థాయి మారలేదు, తీవ్రత మారలేదు. యంత్రము తటస్థమని వ్రాసికొనును. ‘మంచిగున్న’ అనక ‘మంచిగనే’ అన్నందుకే ఇంటనున్న తల్లి ఆ రాత్రి నిద్రపోదు. ఆ ఏకారము బరువు, ఆ పలుకుబడి సహజమైన ఎత్తుపల్లములు విజయవాడ రేడియో కంఠములనుండి నేర్వదగినవి కావు. ఒక యాసయందలి సహజమైన బిగ్గరతనమును వేఱొక యాసవారి కొలతతో కోపమని లెక్కించినచో, నష్టపడువాడు ఆ పలికినవాడే.

ఐరోపా సమాఖ్య 2024 నాటి చట్టమున పనిచోటులందును విద్యాలయములందును యంత్రములచే భావములను ఊహింపజేయుటను, వైద్య భద్రతా కారణములకు తప్ప, నిషేధించినది. ఆ నిషేధము 2025 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చినది. మా దృష్టిలో అది అతిజాగ్రత్త కాదు.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పలుకులను సేకరింప దలచిన పరిశోధక విద్యార్థులు ధ్వనిని మాత్రమే పట్టుకొని రారాదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున, దేనిని గూర్చి పలికిరో ప్రతి వాక్యముప్రక్కన వ్రాసికొనవలెను. పలికినవారి అనుమతి ముందుగా పొందవలెను. అనుమతి యడిగినంతనే పలుకు కొంత నటన యగును. ఈ చిక్కునకు మాకును పరిష్కారము దొరకలేదు.