సముద్రం ఏ పక్కన ఉంటుంది?

విశాఖలో కారు అద్దెకు తీసుకుని, తీరం వెంట శ్రీకాకుళం దాకా వెళ్లి రావాలని చాలామందికి ఉంటుంది. ఫోన్లో దారి అడిగితే అది తిన్నగా 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కిస్తుంది. వంద కిలోమీటర్ల పైచిలుకు సాఫీ ప్రయాణమే గానీ, సముద్రం మాత్రం దాదాపు ఎక్కడా కనబడదు.

అందుకు కారణం నదులు. భీమిలి దగ్గర గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, శ్రీకాకుళం దిగువన నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తాయి. కలిసే చోట నది వెడల్పవుతుంది, ఇసుక మేటలు వేస్తుంది. అందుకే పెద్ద వంతెనలు ఎక్కువగా ఎగువన, హైవే మీదే ఉంటాయి. మ్యాపులో పక్కపక్కనే ఉన్న రెండు తీర గ్రామాల మధ్య నది ఉంటే, కారు హైవే దాకా వెనక్కొచ్చి, నది దాటి, మళ్లీ కిందికి దిగాల్సి రావచ్చు. హైవేని దువ్వెన వెన్ను అనుకుంటే తీరానికి దిగే రోడ్లు దాని పళ్లు. అన్ని పళ్లూ తిరగాలనుకుంటే రోజంతా స్టీరింగు ముందే గడిచిపోతుంది. రెండు రోజుల వ్యవధి ఉంటే రెండే చాలు: విశాఖ–భీమిలి బీచి రోడ్డు, శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దారి.

ఇక ఏది ముందు, ఏది తర్వాత? అందరూ బీచి రోడ్డుతోనే మొదలుపెడతారు. నేనైతే దాన్ని తిరుగు ప్రయాణానికి అట్టే పెట్టుకోమంటాను. మన దేశంలో బండి రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తుంది. విశాఖ నుంచి భీమిలి వైపు పోతుంటే సముద్రం కుడిపక్కన, ఎదురొచ్చే బళ్లకు అవతల ఉంటుంది. ఆగాలనిపించిన ప్రతిసారీ రోడ్డుకు అడ్డంగా తిప్పాలి. భీమిలి నుంచి విశాఖ వస్తుంటే అదే సముద్రం ఎడమ కిటికీ పక్కనే నడుస్తుంది. ముందు సీట్లో కూర్చున్నవాళ్లకు అడ్డు ఉండదు, బండి పక్కకు తీయడమూ తేలిక. వెలుతురు సంగతీ అంతే. పొద్దున సూర్యుడు సముద్రం మీద ఉంటాడు కాబట్టి నీళ్లు తెల్లగా తళతళలాడి ఫొటోలో రంగు తేలదు. మధ్యాహ్నం రెండు దాటి సూర్యుడు కొండల వైపు జరిగాక నీలం బయటపడుతుంది. పైగా ఆర్కే బీచి దగ్గర పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ల కోసం కొంత రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు.

కాబట్టి మొదటి రోజు హైవే మీద నేరుగా శ్రీకాకుళం. సాయంత్రం అరసవల్లి సూర్య దేవాలయం చూసుకుని అక్కడే పడుకోవచ్చు. రెండో రోజు తెల్లవారకముందే 30 కిలోమీటర్ల దూరంలోని కళింగపట్నం బయల్దేరాలి. మనది తూర్పు తీరం, సముద్రంలోంచి సూర్యోదయమే తప్ప సముద్రంలోకి సూర్యాస్తమయం ఉండదు. అక్కడ ఒకప్పటి ఓడరేవు తాలూకు దీపస్తంభం ఉంది, వంశధార మొగ ఉంది. దగ్గర్లోనే కొండ మీద శాలిహుండం బౌద్ధ స్తూపాలున్నాయి. వెనక్కొచ్చేటప్పుడు శ్రీకూర్మం గుడి. మూడూ గార మండలంలోనివే, మధ్యలో పెద్ద నది దాటే పని లేదు.

మధ్యాహ్నానికి భోగాపురం దాటి భీమిలి వైపు దిగండి. ఈ చిన్న ఊరు 1861లోనే మునిసిపాలిటీ అయింది, డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా పేరుకుని, వాన నీరు కోసిన గండ్లతో నిలిచిన ఈ ఇసుక దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అక్కడ హడావుడి పడకండి, గంటైనా ఉండండి. దిబ్బల మీదికెక్కి మట్టి జార్చకండి. తొట్లకొండ ఎక్కితే మీరు వచ్చిన దారంతా కింద కనిపిస్తుంది. రుషికొండలో ఎప్పుడూ జనమే; నేనైతే అక్కడ మూరీ మిక్చరు పొట్లం కట్టించుకుని ముందుకు సాగిపోతాను.

ఇక కారు. డ్రైవరు లేకుండా అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండిని తక్కువ అద్దెకిస్తామనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అది సొంత వాడకానికి రిజిస్టరైన బండి. ప్రమాదం జరిగితే, అద్దెకు తిప్పారన్న కారణంతో బీమా కంపెనీ పరిహారం నిరాకరించవచ్చు. అప్పుడు మిగిలే డబ్బు ఏపాటి?

కాగితం మీద సంతకం పెట్టేముందు కిలోమీటర్ల పరిమితి చూడండి. పైన చెప్పిన ప్రయాణం రానూపోనూ 300 కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది, పక్కదార్లు కలిస్తే ఇంకొంచెం. రోజుకు ఇంత అని పరిమితి పెట్టి, దాటిన ప్రతి కిలోమీటరుకూ వసూలు చేసే ఒప్పందాలే ఎక్కువ. బండికి దెబ్బ తగిలితే మీరు గరిష్ఠంగా ఎంత కట్టాలో, టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం అందులోకి వస్తాయో రావో అడగండి. తీరంలో అడుగుభాగమే అసలు సంగతి. ఇసుకలోకి దించితే చక్రాలు కూరుకుపోతాయి, ఉప్పునీరు ఇనుమును తినేస్తుంది. ఆ ఖర్చు సాధారణంగా మీ నెత్తినే పడుతుంది. స్టీరింగు పట్టే ప్రతి ఒక్కరి పేరూ ఒప్పందంలో రాయించాలి. బండి తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ చుట్టూ తిరిగి ఫోన్లో వీడియో తీయండి. పెట్రోలు మీటరు, ఓడోమీటరు కూడా అందులో పడాలి. డిపాజిట్టు గొడవల్లో పనికొచ్చేది ఆ వీడియోనే.

కాలం విషయానికొస్తే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. అక్టోబరులో బయల్దేరేవాళ్లు వాతావరణ సూచన చూడకుండా కదలొద్దు. హుద్‌హుద్ తుపాను 2014లో విశాఖను, తిత్లీ తుపాను 2018లో శ్రీకాకుళం జిల్లాను కుదిపేసింది ఆ నెలలోనే.

మూడో రోజు చేతిలో ఉంటే శ్రీకాకుళం నుంచి ఉత్తరానికి, సోంపేట దగ్గరి బారువ తీరానికి వెళ్లొచ్చు. ఓడోమీటరు మీద రానూపోనూ మరో 200 కిలోమీటర్లు వేసుకోండి. అక్కడి నుంచి చిలికా సరస్సు పిలుస్తూనే ఉంటుంది. కానీ ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. మీ బండికి పక్క రాష్ట్రంలో తిరిగే పర్మిట్ ఉందో లేదో అద్దెకిచ్చేవాళ్లను విశాఖలోనే అడిగి, ఆ కాగితం కాపీ డాష్‌బోర్డులో పెట్టించుకోండి. లేదంటే బారువలోనే బండి తిప్పండి.