రాయలసీమ ఇంటికి ఎన్ని కుందేళ్లు?

శ్రీశైల క్షేత్రములో మాంసమునకు తావు లేదు. కొండ దిగి ఆత్మకూరు, వెలుగోడు, నంద్యాల దిక్కుగా వచ్చినచో, వారమున కొకమారైన కూర వండుకొనవలెనని తలచు సంసారులు ఊరూర నున్నారు. పొట్టేలి మాంసము ధర అందనంత పెరిగిన ఈ కాలమున, పెరటిలో నాలుగు కుందేళ్లను పెంచుకొందమా యన్న ఆలోచన వారికి సహజముగనే పుట్టును. పుట్టిన వెంటనే వచ్చు ప్రశ్న ఒక్కటే: ఎన్ని పెంచవలెను?

లెక్కకు ముందు ఒక మాట చెప్పవలసి యున్నది. నల్లమల పొదలలో కనబడు చెవులపిల్లి వేరు, గూటిలో పెరుగు కుందేలు వేరు. చెవులపిల్లి కూన కన్నులు తెరచికొని, ఒంటినిండ బొచ్చుతో పుట్టును. పెంపుడు కుందేటి పిల్ల కన్నులు మూసికొని, వెంట్రుక యైన లేక పుట్టును. మొదటిదానిని ఉచ్చు వేసి పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. పట్టి తెచ్చినను అది గూటిలో ఇమడదు. రెండవది స్పెయిను ప్రాంతపు అడవి జాతినుండి మచ్చికయై వచ్చిన జంతువు. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, గ్రే జెయింట్, వైట్ జెయింట్ అనునవి మన దేశమున మాంసమునకై పెంచు జాతులు. వీనిపై పరిశోధన జరుపు అవికానగర్ కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ దక్షిణమున తన శాఖను కొడైకెనాల్ కొండలలోని మన్నవనూరులో నెలకొల్పినది. కుందేలునకు ఏమి హితమో ఆ చల్లని కొండయే చెప్పుచున్నది.

సాధారణముగా చెప్పు లెక్క యిది. ఆడకుందేలు అయిదారు నెలలకు జతకు వచ్చును. చూలు 30 లేక 31 దినములు. ఈతకు ఆరు మొదలు ఎనిమిది పిల్లలు. నెల దాటిన పిదప పాలు మాన్పింపవచ్చును. పన్నెండు వారములకు పిల్ల సుమారు రెండు కిలోలు తూగును, అందు సగమునకు కొంచెము పైగా మాంసము దక్కును. ఈ విధముగా ఏడాదికి అయిదారు ఈతలు చేతికి వచ్చునని నమ్మి పది ఆడకుందేళ్లతో ఆరంభించువారు కలరు. కాని ఆ లెక్క చల్లని సీమలది. కర్నూలు, కడపలలో ఏప్రిల్, మే మాసములందు ఎండ నలుబది డిగ్రీలు దాటుట సామాన్యము. కుందేలునకో, ముప్పది దాటినచో కష్టమే. మనవలె చెమటపోసి ఒడలు చల్లబరచుకొను శక్తి దానికి లేదు. చెవుల రక్తనాళములద్వారా వేడిని వెలికి పంపుటయే దాని ముఖ్యోపాయము. ఆ ఎండలో మగకుందేలు వీర్యము క్షీణించి, వేసవి గడచినను ఆరేడు వారములవరకు తేరుకొనదు. చూలుతో నున్న ఆడది ఈనులోపలనే ప్రాణము విడుచుటయు కలదు. కావున మన ప్రాంతమున లెక్క కట్టవలసినది ఏడాదికి కాదు, చల్లబడిన నెలలకు.

అట్లు లెక్కింతము. వానలు పడి చల్లబడిన పిమ్మట, ఆగస్టు మొదట రెండు ఆడకుందేళ్లను ఇంచుమించు ఒకే దినమున మగదాని గూటికి కొనిపోయి జత కట్టింపవలెను. మగదానిని ఆడదాని గూటికి తెచ్చినచో ఆడది తన తావునకు పరాయి వచ్చెనని కరవవచ్చును. సెప్టెంబరు మొదట రెండును ఈనును. ఒకేసారి ఈనుటలో ఒక మేలున్నది: ఒకదానికి పది, మరియొకదానికి నాలుగు పుట్టినచో, ఎక్కువైన పిల్లలను మొదటి రెండు మూడు దినములలోనే రెండవ తల్లి కడకు చేర్పవచ్చును. పాలు మాన్పి, వారము విరామ మిచ్చి, అక్టోబరు నడుమ రెండవ జత; డిసెంబరు కడపట మూడవ జత. జనవరి చివరి ఈతతో ఆపవలెను. ఆపై కట్టించినచో ఏప్రిలు ఎండలో ఈనును. ఈతకు అయిదు పిల్లలు దక్కినవనుకొన్నచో రెండు తల్లులకు మూడీతలలో ముప్పది.

ఆ ముప్పది చేతికి వచ్చు తీరును చూడవలెను. మొదటి పది నవంబరు చివర, రెండవ పది ఫిబ్రవరి మొదట, మూడవ పది ఏప్రిలు నడుమ ఎదిగి వచ్చును. అనగా ఇంచుమించు పది వారములకు పది. నవంబరు చివరనుండి మే చివరవరకు ఇరువదియారు వారములు; వారమున కొకటి చొప్పున అయిదుగురున్న ఇంటికి చాలును, నాలుగు మిగులును కూడ. మిగిలిన ఆరు నెలలు నాటుకోడితోనో, కృష్ణ చేపతోనో గడుపుకొనుట వివేకము. ఏడాది పొడుగున కుందేలే కావలెనని తల్లులను నాలుగు చేసినచో, వేసవిలో మేపవలసిన నోళ్లు పెరుగుటయే గాని మాంసము పెరుగదు. ఎదిగినదానిని నిలిపిన కొలది దాణా పెరుగును, తూకము అంతగా పెరుగదు. రెండు ఆడవి, ఒక మగది: మన సీమ గృహస్థునకు నా మాట ఇదియే.

మగది ఒక్కటే ఉన్నను, పొరుగూరి పెంపకందారునితో ఏటేట మార్పిడి చేసికొనవలెను. లేనిచో తండ్రికి కూతురితోనే జత కట్టింపవలసి వచ్చి సంతతి బలము చెడును. తల్లులు రెండు మూడేండ్లకు వడలును గనుక, మొదటి ఈతలో దిట్టమైన ఆడపిల్ల నొకదానిని నిలుపుకొన్నచో మరుసటి ఆగస్టునకు సిద్ధమగును. మూడు నెలలు నిండకమునుపే ఆడ మగ పిల్లలను వేరు గూండ్లలో నుంచవలెను.

ఈనుటకు ముందు తల్లి తన పొట్ట బొచ్చును నోట పెరికి ఈత పెట్టెలో పరచుకొనును. అది కనబడినంతనే గూటిలో నిండుగ నీరుంచి, పిల్లలను ఊరక తాకక విడువవలెను. దాహముతోగాని, బెదరుతోగాని తల్లి పిల్లలను తినివేయవచ్చును. మేతకు దశరథ గడ్డి, అవిశ, మునగాకు, ఎండిన వేరుశెనగ కట్టె ఈ సీమలో దొరకును. ఎదిగినదానికి వీనిపై దినమునకు సుమారు నూరు గ్రాముల దాణా చాలును. వేరుశెనగ చెక్కను వాడునప్పుడు మాత్రము జాగ్రత్త వహింపవలెను: బూజు పట్టిన చెక్కలోని విషమునకు కుందేలు ఇతర పశువులకన్న త్వరగా లోనగును. ముక్కిన వాసన వచ్చిన చెక్కను ఎంత చవుకగా దొరకినను కొనరాదు. ఇంటనున్నదానిని గూటి దరికి చేరనీయరాదు.