పిట్ట ముట్టే దాకా

మా వైపు ఎవరైనా పోయిన మూడోనాడు ఆ ఇంటివాళ్లను ఊరు అడిగే మొదటి మాట ఒక్కటే: ‘పిట్ట ముట్టిందా?’

పోయినాయనకు ఇష్టమైనవన్నీ వండుతారు. యాట కూర, గారెలు, కల్లు, ఆఖరికి బీడీ కట్ట కూడా మరిచిపోరు. ఆకులో పెట్టి దూరం జరిగి నిలబడతారు. కాకి దిగి ముడితే పెద్దాయన తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక తీరనట్టు. ఆ కాసేపూ కళ్లన్నీ కొమ్మల మీదే ఉంటాయి గానీ మనసుల్లో వేరే లెక్క నడుస్తుంటుంది. కొడుకు సరిగ్గా చూసుకోలేదా, కోడలు ఏమన్నా అన్నదా, ఆడబిడ్డ కడుపులో ఏం పెట్టుకొని ఏడుస్తున్నది?

ఈ ఎదురుచూపు మీదే సినిమా తీశాడు సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి. అప్పటిదాకా జనానికి ఆయన హాస్యనటుడు. దర్శకుడిగా మొదటి సినిమా ‘బలగం’ 2023 మార్చి 3న విడుదలైంది. కొమురయ్య అనే ముసలాయన ఊరంతా తిరుగుతూ, కనబడ్డవాళ్లందరినీ ఆట పట్టిస్తూ, ఒకనాడు ఉన్నట్టుండి పోతాడు. మనవడు సాయిలు అప్పుల్లో మునిగి ఉన్నాడు. పెళ్లి ఖాయమైంది, వచ్చే కట్నంతో అప్పు తీర్చుకుందామని ఆశపడుతున్నాడు. సరిగ్గా అప్పుడే తాత చావు వచ్చిపడుతుంది. ఊరు తాత కోసం ఏడుస్తుంటే సాయిలు చేజారుతున్న కట్నం కోసం ఏడుస్తాడు. ఇరవై ఏళ్ల కింద విందులో నల్లి బొక్క వేయలేదని అలిగి వెళ్లిన అల్లుడు నారాయణ, అప్పటినుంచి పుట్టింటి గడప తొక్కని బిడ్డ లచ్చవ్వ కూడా ఆ చావుకే వస్తారు. కాకి మాత్రం ముట్టదు.

ఆ వేసవిలో కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల ఈ సినిమా గురించి మాట్లాడని అరుగు లేదు. మార్చి 24 నుంచి ఓటీటీలో కూడా వచ్చింది. ఆ తర్వాత తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరందరికీ చూపించారు. అలా ఉచితంగా వేయడాన్ని ఆపించాలని నిర్మాతల వైపు నుంచి నిజామాబాద్‌లో పోలీసులకు ఫిర్యాదు కూడా వెళ్లింది. అయినా జనం ఆగలేదు. చాపలు, నులక మంచాలు తెచ్చుకొని పిల్లాపాపలతో కూర్చున్నారు. నిర్మల్ జిల్లాలో భూమి తగాదాతో విడిపోయిన అన్నదమ్ములు ఈ సినిమా చూసి కలిశారని పత్రికల్లో వచ్చింది.

నేను విన్న మాటల్లో సినిమా బాగుందా లేదా అన్న చర్చ తక్కువ. తప్పు ఎవరిది అన్నదే అసలు పంచాయితీ. బావ నారాయణదేనని కొందరు, కొమురయ్య కొడుకైన బామ్మర్దిదేనని కొందరు. బొక్క కోసం ఇరవై ఏళ్లు పగ పెట్టుకుంటారా అని పట్నం నుంచి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతే, అది బొక్క కోసం కాదు, అల్లుడికి దక్కాల్సిన మర్యాద కోసమని పెద్దలు కోపంగా చెప్పారు. ఆడవాళ్ల మాట వేరు. మగవాళ్ల పట్టింపులకు ఇరవై ఏళ్లు అమ్మానాన్నలను చూడకుండా బతికింది లచ్చవ్వ కదా, ఆమెను ఎవరడిగారు అన్నారు. రూపలక్ష్మి ఆ పాత్రను చేసిన తీరు చూశాక ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

నవ్వు గురించి కూడా కొంత పేచీ ఉంది. చావింటిని నవ్వులాట చేశారని నొచ్చుకున్నవాళ్లు లేకపోలేదు. వాళ్ల బాధను కాదనను. కానీ మా దగ్గర చావిల్లు ఎప్పుడూ ఒక్క రాగంలో ఉండదు. లోపల ఆడవాళ్లు పోయినాయన గుణాలు ఒక్కొక్కటే తలుస్తూ శోకం తీస్తుంటే, వాకిట్లో డప్పు మోగుతుంటుంది. పక్క సందులో కట్టెలు ఎవరు తేవాలి, కల్లు ఎంత తేవాలి అనే లెక్కలు. ఆ లెక్కల మధ్యనే ఎవరో పోయినాయన మాట ఒకటి తీస్తే పదిమందీ నవ్వుతారు, ఆ నవ్వులోంచే మళ్లీ ఏడుస్తారు. సుధాకర్ రెడ్డి వేసిన కొమురయ్య మనల్ని ముందే నవ్వించి పెట్టాడు కాబట్టే ఆయన లేని ఇల్లు అంత బోసిగా కనిపించింది.

హేతువాదుల అభ్యంతరం ఇంకా బలమైనది. కాకి ముట్టకపోతే ఊరికి అరిష్టమని పెద్దలు కుటుంబాన్ని బెదిరించడం, పదకొండో రోజు దాకా గడువు పెట్టడం చూపించి, చివరికి ఆ నమ్మకాన్నే గెలిపించారు కదా అన్నారు. ఊరు ఒక ఇంటిని వెలివేసే అధికారం చేతిలోకి తీసుకోవడం ఎంత ప్రమాదమో తెలిసినవాళ్ల మాట ఇది. దీన్ని కొట్టిపారేయలేం. సినిమా ఆ పెద్దలను ఇంకొంచెం గట్టిగా నిలదీయాల్సింది.

ఇన్ని మాటల్లో సాయిలు గురించి మాట్లాడినవాళ్లు చాలా తక్కువ. నన్ను ఎక్కువ తొలిచింది అదే.

చావింట్లో జరిగిన గొడవతో కుదిరిన సంబంధం తప్పిపోతుంది. అప్పుడు సాయిలు కళ్లు మేనత్త బిడ్డ సంధ్య మీద పడతాయి. వాళ్లకు ఆస్తి బాగా ఉందని తెలిసి ప్రేమ నటించడం మొదలుపెడతాడు. తాత శవం లేచిన ఇంట్లో, దినాలు కూడా కాకముందే. ప్రియదర్శి దీన్ని ఎంత సహజంగా చేశాడంటే జనం నవ్వారు, ‘పాపం పోరడు’ అన్నారు, క్షమించేశారు. ఎందుకు క్షమించారో సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. సిరిసిల్లలో సాంచాల చప్పుడు కింద అప్పులు ఎట్లా పెరుగుతాయో, వాటి కింద నలిగి ఎంతమంది నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్నారో ఊరు చూసింది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు కొంత ఊపిరి పోశాయి గానీ అప్పు అనే మాట పోలేదు. కోరుట్ల, జగిత్యాల పల్లెల్లో వీసా కోసం చేసిన అప్పు తీరేసరికి మనిషి సగం వయసు గల్ఫ్‌లోనే కరిగిపోతుంది. ఇక్కడ ఇంట్లో భార్య బీడీలు చుట్టి మిత్తి కడుతుంటుంది. అప్పులో ఉన్నవాడి మొహం మా జనం ఎరిగిన మొహం. అందుకే సాయిలును చూసి జాలిపడ్డారు.

జాలి నాకూ కలిగింది. అయినా ఆ ఆడపిల్లల మాటేమిటి? ముందు కుదిరిన సంబంధంలోని పిల్ల కట్నమైనా, తర్వాత సంధ్య ఆస్తి అయినా, ఒక మగవాడి అప్పు తీర్చే దారి ఆడపిల్ల మీదుగానే పోతున్నది. దీన్ని మనం చూసీ చూడనట్టు వదిలేశాం. నల్లి బొక్క మీద నెలల తరబడి వాదించిన అరుగులు దీని మీద ఒక్క సాయంత్రమైనా వాదించి ఉంటే బాగుండేది.

‘బలగం’ను కన్నడ ‘తిథి’ పక్కన పెట్టి చూసినప్పుడు ఈ క్షమించేయడం ఇంకా స్పష్టంగా కనబడింది. రామ్ రెడ్డి తీసిన ఆ సినిమాకు 2015లో లొకార్నో చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. మండ్య వైపు పల్లె, నటించిందంతా ఆ ఊళ్ల మనుషులే. నూటొక్కేళ్ల సెంచరీ గౌడ చనిపోతాడు. కథంతా పదకొండో రోజు కర్మ దాకా నడుస్తుంది. మనవడు తమ్మణ్ణకు భూమి అమ్ముకోవాలని తొందర. అడ్డంగా ఉన్నది ఏ ఆశా లేకుండా తిరిగే తండ్రి గడ్డప్ప. బతికున్న ఆ తండ్రి చచ్చిపోయాడని కాగితం పుట్టిస్తాడు. ‘తిథి’ ఆ మోసాన్ని మన ముందు పెట్టి, కన్నీళ్లతో కడగకుండా వదిలేస్తుంది. ‘బలగం’ కడుగుతుంది. పదకొండో నాడు బుడగ జంగాల దంపతులు వచ్చి కొమురయ్య కథ పాడుతుంటే ఇంటిల్లిపాదీ కుప్పకూలిపోతారు, వాళ్లతో పాటు తెర ముందు కూర్చున్న ఊరు కూడా. నేను కూడా. సినిమాగా ‘తిథి’ గట్టిది అనిపిస్తుంది. కానీ మా మనుషులకు కావలసింది ‘బలగం’ ఇచ్చింది. ఏడ్వడానికి ఒక చోటు దొరికింది.

ఆ పాట పాడినవాళ్లు నటులు కారు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, ఆయన భార్య కొమురమ్మ. దినాల నాడు ఇళ్లకు పోయి చనిపోయినవాళ్ల కథ పాడి, ఇచ్చింది తీసుకొని బతికిన కులవృత్తి వాళ్లది. సినిమా తర్వాత రాష్ట్రమంతా వాళ్లను గుర్తుపట్టింది. మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో చాలాకాలం బాధపడి 2024 డిసెంబర్ 19న కన్నుమూశాడు. ఎందరి ఇళ్లలోనో చావు పాట పాడిన మనిషి ఆయన.

సాయిలు నటించిన ప్రేమ, తమ్మణ్ణ పుట్టించిన కాగితం లాంటివే కాదు, దుఃఖంలో ఆడే అబద్ధాలు ఇంకో రకం కూడా ఉంటాయి. గల్ఫ్‌లో కొడుకు పోయాడన్న కబురు వస్తే తల్లికి ఎవరూ చెప్పరు. దవాఖానలో ఉన్నడంటారు, ఫోన్ కలుస్తలేదంటారు. శంషాబాద్‌లో పెట్టె దిగి, అంబులెన్స్ ఊరి పొలిమేరకు వచ్చేదాకా, కొన్నిసార్లు వారాల తరబడి, ఊరంతా కలిసి ఆ తల్లి ముందు మామూలుగా తిరుగుతుంది. ఆమెకు అంతా తెలుసేమో, మన కోసమే తెలియనట్టు ఉంటున్నదేమో అని నాకు చాలాసార్లు అనుమానం వచ్చింది.

అటువంటి అబద్ధం ఒకటి నేనూ ఆడాను. 2021 మే నెల, కరోనా రోజులు. కోరుట్ల దగ్గరి పల్లెలో మా మేనమామ పోయాడు. కొడుకు మస్కట్‌లో. వచ్చే దారి లేదు. మూడోనాడు చింతచెట్టు కింద ఆకు పెట్టి, నేను ఫోన్ ఎత్తి పట్టుకుంటే వాడు అక్కడినుంచి చూస్తున్నాడు. గంట గడిచింది. కాకులు కొమ్మ దిగలేదు. మధ్యలో సిగ్నల్ పోయింది. ఆఖరికి తీసి ఆవుకు పెట్టి ఇంటికొచ్చాం. సాయంత్రం వాడు ఫోన్ చేసి అడిగితే, ఇట్లా ఫోన్ కట్ అయింది, అట్లా పిట్ట వచ్చింది అని చెప్పాను. ఇంట్లో అందరూ అదే చెప్పారు.

రెండేళ్ల తర్వాత, ఏప్రిల్‌లో ఒక రాత్రి పొద్దుపోయాక ఫోన్ మోగింది. గదిలో నలుగురు కలిసి ‘బలగం’ చూశారట. వాడి గొంతు బొంగురుపోయి ఉంది.

“బావా, నిజం చెప్పు. ఆనాడు బాపుకు పెట్టింది పిట్ట ముట్టిందా?”

ముట్టలేదని చెప్పాను. చాలాసేపు అటునుంచి మాట లేదు, ఏసీ చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత, పెత్రమాసకు, పెద్దలకు పెట్టే అమావాస్యకు, వస్తున్నానన్నాడు.

అక్టోబర్‌లో వచ్చాడు. యాట కోయించాడు. అత్తమ్మ వండుతుంటే పొయ్యి దగ్గరే కూర్చున్నాడు. అదే చింతచెట్టు కింద ఆకు పరిచి, అన్నం పెట్టి, గిన్నెలో గరిటెతో వెతికి వెతికి నల్లి బొక్క తీసి అన్నం మీద పెట్టాడు.