బొటనవ్రేలు, సెల్ ఫోను, బ్యాంకు ఖాతా

గడచిన మాసములో మజూరీ పద్దులు చూచుకునే రోజున మా సంఘ సభ్యులలో ఒక పెద్దాయన కార్యాలయానికి వచ్చి, మనుమడు కొనిచ్చిన సెల్ ఫోనును నా బల్ల మీద పెట్టినాడు.

"ఏమయ్యా సెక్రటరీ, డబ్బు పంపడానికి ఇకమీద అంకెలు నొక్కనక్కర లేదట, వ్రేలు ఆనిస్తే చాలునట. మా నాయన షావుకారు నోటు మీద వేలిముద్ర వేసి మగ్గము పోగొట్టుకున్నాడు. ఇప్పుడు నన్ను కూడా వేలిముద్ర వేయమంటున్నారు. వేయనా, మాననా?" అని అడిగినాడు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కనిది కాదు. షోలాపురములో ఉన్నా, సేలములో ఉన్నా, బరంపురములో ఉన్నా, యానాములో ఉన్నా మన నేత కుటుంబాలకు మజూరీ, నూలు బాకీ, చీరెల వెల ఇప్పుడు చాలవరకు ఫోను మీదనే వచ్చి పోవుచున్నవి. బ్యాంకు పంపే సమాచారము ఒకచోట అరవములో, మరొకచోట మరాఠీలో, ఇంకొకచోట ఇంగ్లీషులో ఉండును. చదవలేని పెద్దలకు వ్రేలు ఆనించుట సులభముగా తోచును. సులభమైనది క్షేమమైనదా అన్నదే మనము తెలుసుకోవలసిన విషయము.

వేలిముద్రను మనిషికి గుర్తుగా వాడుట మన దేశానికి కొత్త కాదు. 1858లో బెంగాలు దేశములోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రాజ్యధర్ కొనాయ్ అనే కంట్రాక్టరు చేత ఒప్పందపు కాగితము మీద అరచేతి ముద్ర వేయించినాడు. మాట తప్పకుండా ఉండుటకై చేసిన ఏర్పాటు అది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము ఏర్పడినది. అక్కడ పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే మన దేశీయులు ముద్రలను వర్గములుగా విడదీసే లెక్కకు తోడ్పడినారు.

ముద్ర పాతదే. ముద్ర ఎక్కడ నిలిచిపోవుననే విషయములోనే మార్పు వచ్చినది. నోటు మీద వేసిన ముద్ర షావుకారు పెట్టెలో ఉండిపోయేది. సెల్ ఫోను మీద ఆనించిన ముద్ర ఆ ఫోను దాటి పోదు.

అది ఎట్లాగంటే, వ్రేలి మీది గీతలను పడుగు పోగులుగా ఊహించుకోండి. కొన్ని గీతలు నడుమ తెగిన పోగు వలె ఆగిపోవును. కొన్ని చీలి రెండగును. ఎక్కడ ఏ గీత ఆగినది, ఎక్కడ చీలినది అనే గుర్తులు ఏ ఇద్దరికీ ఒకే తీరుగా ఉండవు. మీరు మొదటిసారి వ్రేలు నమోదు చేసినప్పుడు ఫోను ఈ గుర్తులను లెక్కగా మార్చి, తన లోపల వేరుగా కట్టుదిట్టము చేసిన ఒక అరలో దాచును. తరువాత మీరు వ్రేలు ఆనించిన ప్రతిసారీ ఆ లెక్కతో సరిచూచును. ఫోనులోని ఇతర యాప్ లకు ఆ అర తెరచి చూచే వీలు లేదు. "సరిపోయినది" లేక "సరిపోలేదు" అనే మాట మాత్రమే వాటికి అందును.

మరి బ్యాంకుకు మీరే పంపుచున్నారని ఎట్లా తెలియును? చెల్లింపుల యాప్ లో వేలిముద్ర పద్ధతికి మీరు ఒప్పుకున్నప్పుడు ఫోను ఒక జత తాళపుచెవులను తయారుచేయును. ఒకటి ఫోను అరలోనే ఉండును. దానికి జోడైనది బ్యాంకు వైపునకు పోవును. మీ వ్రేలు సరిపోయినప్పుడే లోపలి తాళపుచెవి కదలి, ఎంత సొమ్ము, ఎవరికి అన్న దాని మీద ఒక రహస్యపు సంతకము చేయును. తన దగ్గరి జోడుతో ఆ సంతకమును బ్యాంకు సరిచూచుకొనును. కనుక బ్యాంకుకు చేరునది సంతకము మాత్రమే. మీ వ్రేలు మీ దగ్గరనే ఉండును.

యు.పి.ఐ. చెల్లింపులలో పిన్నుకు బదులుగా ఈ పద్ధతిని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 అక్టోబరులో ప్రవేశపెట్టినది. ఆరంభములో ఒక్కొక్క చెల్లింపుకు 5,000 రూపాయల హద్దు పెట్టినారు. ఇది ఇష్టమున్న వారికే గాని నిర్బంధము కాదు. పిన్ను పద్ధతిని తీసివేయలేదు. రిజర్వు బ్యాంకు కూడా 2025 సెప్టెంబరులో ఆదేశములు ఇచ్చి, 2026 ఏప్రిల్ 1 నుండి అమలు కావలెనని చెప్పినది. చెల్లింపుకు సామాన్యముగా రెండు ఆధారములైనా ఉండవలెననేది వాటి సారము. మీ దగ్గర ఉన్న వస్తువు ఒక ఆధారము, మీకు తెలిసిన రహస్యము ఒకటి, మీ శరీరపు గుర్తు మరొకటి. వ్రేలితో పంపినప్పుడు ఫోను ఒక ఆధారము, వ్రేలు రెండవది. అందుచేత ఫోను దొంగిలించిన వానికి మీ వ్రేలు లేదు. మీ ముద్ర ఎక్కడనో సంపాదించిన వానికి మీ ఫోను లేదు. ఇదే ఈ పద్ధతిలోని బలము.

ఇక్కడ మనవారు ఒక పొరపాటు పడుచున్నారు. ఊళ్లోని బ్యాంకు ప్రతినిధి తెచ్చే చిన్న యంత్రము మీద వేసే వేలిముద్ర, ఫోను మీది వేలిముద్ర ఒకటేనని అనుకొనుచున్నారు. ఒకటి కాదు. ప్రతినిధి యంత్రములో ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు చెప్పి వ్రేలు ఆనించిన వెంటనే ఆ ముద్ర ఆధార్ సంస్థకు పోయి అక్కడి నమోదుతో సరిచూడబడును. దానికి మీ ఫోనూ అక్కరలేదు, పిన్నూ అక్కరలేదు. కనుక ముద్రకు నకలు తయారు చేయగలిగిన వాడు అక్కడ హాని చేయగలడు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో రిజిస్ట్రేషను దస్తావేజుల మీది ముద్రలకు నకళ్లు చేసి, పరుల పేర సిమ్ము కార్డులు పుట్టించిన కేసు బయటపడినది. పిన్ను పోతే మార్చుకోగలము. వ్రేలిని మార్చుకోలేము.

దీనికి ఉపాయము ఉన్నది. ఆధార్ యాప్ లోగాని, ఆ సంస్థ వెబ్ సైటులోగాని మీ వేలిముద్ర, కనుపాప గుర్తులకు తాళము వేయించవచ్చును. కావలసిన రోజున కొద్దిసేపు తీసి, పని అయిన తరువాత మరల వేసుకోవచ్చును. ఈ తాళము వేసినా ఫోను మీది వేలిముద్రకు ఆటంకము కలుగదు. అది వేరు, ఇది వేరు అని చెప్పినాను గదా. సందేహముంటే ఆధార్ సంస్థవారి 1947 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

ఇక మన చేతుల సంగతి. ఏళ్ల తరబడి పోగులు అతికి అతికి, గంజిలోను రంగు నీళ్లలోను నానిన వ్రేళ్ల మీద గీతలు అరిగిపోవును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు ముందుగా అరుగును. యంత్రము "సరిపోలేదు" అన్నంత మాత్రాన మీరు దొంగలు కారు, మీ సొమ్ము మీది కాకపోదు. ఫోనులో ఎడమచేతి ఉంగరపు వ్రేలు వంటి పని తక్కువ వ్రేలిని నమోదు చేయండి. చేతులు కడిగి, బాగా తుడిచి, వ్రేలిని కొంచెము అటూ ఇటూ వంచుచు ఆనించండి. రెండు మూడు వ్రేళ్లు నమోదు చేసుకొనుట మరింత మంచిది. ఆధార్ విషయములో నమోదు కేంద్రానికి వెళ్లి ముద్రలను కొత్తగా తీయించుకోవచ్చును. ఏ వ్రేలూ పనిచేయని వారు బ్యాంకు శాఖలో పాసుపుస్తకము చూపి, చీటీ వ్రాసి సొమ్ము తీసుకోవచ్చును. "వ్రేలు పడలేదు, పొమ్మ"ని ఎవరైనా అంటే ఊరక తిరిగి రాకండి. మరొక మార్గము అడగండి.

ఇంతవరకు దొంగ సంగతి చెప్పినాను. మోసగాని సంగతి వేరు. మా సభ్యులలో ఒకామెకు ఎవరో ఫోను చేసి, ఇరవై చీరెలు కావలెనని బేరము కుదిర్చి, "అడ్వాన్సు పంపుచున్నాను, ఈ కోడు స్కాన్ చేసి వ్రేలు ఆనించమ్మా" అన్నాడు. ఆమె ఆనించినది. 4,800 రూపాయలు వచ్చుటకు బదులు పోయినవి. రెండు చీరెల మజూరీ అది. ఫోను తప్పు చేయలేదు. వ్రేలు ఆమెదే, ఫోనూ ఆమెదే. "ఈమె ఇక్కడ ఉన్నది" అని వ్రేలు సాక్ష్యము చెప్పగలదు. "ఈమెకు సంగతి తెలిసినది" అని చెప్పలేదు. పిన్ను ఉన్న రోజులలో నాలుగు అంకెలో ఆరు అంకెలో నొక్కేలోపల ఒక్క క్షణము ఆలోచన వచ్చేది. వ్రేలు ఆనించడానికి ఆ క్షణము కూడా పట్టదు. ఆ క్షణమును మనమే తెచ్చుకోవలెను.

కనుక ఇంటిలో అందరూ గుర్తుంచుకోవలసిన నియమములు ఇవి:

1. డబ్బు రావడానికి వ్రేలూ అక్కరలేదు, పిన్నూ అక్కరలేదు. వ్రేలు అడిగినారంటే మీ సొమ్ము బయటికి పోవుచున్నదని అర్థము.

2. వ్రేలు ఆనించే ముందు తెర మీద పేరు, మొత్తము రెండూ పైకి చదవండి. చదువు రాకపోతే ఇంటి పిల్లల చేత చదివించండి. చాలా ఫోనులలో తెలుగు భాష పెట్టుకొనే వీలున్నది.

3. ఫోను తాళపు అంకెలు తెలిసినవాడు తన వ్రేలిని కూడా మీ ఫోనులో నమోదు చేసుకోగలడు. ఆ అంకెలను ఇరుగుపొరుగు వారికి గాని, దుకాణదారులకు గాని చెప్పకండి. పుట్టిన సంవత్సరమును అంకెలుగా పెట్టకండి.

4. ముఖము చూచి తెరచుకొనే ఫోనులన్నీ ఒక తీరుగా ఉండవు. ముందు కెమెరా ఒక్కదానితో చూచే చౌక ఫోనులలో కొన్ని ఫోటోకు కూడా మోసపోవును. అటువంటి వాటిలో చెల్లింపులకు వ్రేలు గాని, పిన్ను గాని వాడండి.

5. సొమ్ము పోయినదని తెలిసిన వెంటనే బ్యాంకుకు, 1930 సంఖ్యకు ఫోను చేయండి. సిగ్గుపడి దాచుకొన్న ప్రతి గంటా మోసగానికి లాభము. మొదటి గంటలలో చెప్పితే సొమ్మును దారిలో ఆపే అవకాశమున్నది.

పెద్దాయన ఫోను సంగతి చెప్పి ముగించెదను. నమోదైన వ్రేళ్లు ఎన్ని ఉన్నవో చూడమన్నాను. మూడు ఉన్నవి. ఒకటి ఆయనది, ఒకటి మనుమనిది. మూడవది ఎవరిదో ఇద్దరికీ తెలియదు. ఫోను అమ్మిన చోట "అన్నీ సరిచేసి ఇచ్చెదము" అని పుచ్చుకొని అరగంట ఉంచుకొన్నారట. మూడవ వ్రేలిని అప్పుడే తీసివేయించి, ఫోను తాళపు అంకెలను మార్పించినాను. ఖాతాలో సొమ్ము భద్రముగానే ఉన్నది. అది మన అదృష్టము.

"అయితే వేలిముద్ర వేయవచ్చునన్న మాట" అన్నాడు పెద్దాయన.

"వేయండి పెదనాన్నా. మీ నాయనగారు కాగితములో ఏమి వ్రాసినారో తెలియక ముద్ర వేసినారు. మీరు తెర మీద ఏమి వ్రాసి ఉన్నదో చదివించుకొని వేయండి" అన్నాను.

ఈ పత్రిక అందిన రోజుననే ఇంటిలోని ప్రతి ఫోను తీసి, ఎన్ని వ్రేళ్లు నమోదై ఉన్నవో లెక్కపెట్టుకోవలసినదిగా సభ్యులందరికీ మనవి చేయుచున్నాను. లెక్క తప్పిన చోట తీసివేయండి. చేతకాకపోతే మీ సంఘ కార్యాలయానికి రండి. చూపించెదము. ఫోనును మాత్రము మీ చేతిలోనే ఉంచుకోండి.