పంజరంలో పిట్ట కింద కూర్చుందా? ఆలస్యం చేయకండి!

పిట్టలను పెంచే సరదా యిప్పుడు పెద్ద పట్నాలకే పరిమితం కాలేదు. మా జంగారెడ్డిగూడెం వంటి ఊళ్ళలో కూడా వరండాలో ఒక పంజరం, అందులో పచ్చవీ నీలివీ నాలుగు లవ్‌బర్డ్స్ వుండటం మామూలే. మనం లవ్‌బర్డ్స్ అని పిలిచేవాటిలో చాలావాటి అసలు పేరు బడ్జెరిగార్. ఆస్ట్రేలియా దేశపు చిన్న చిలుక. బరువు 30, 40 గ్రాములు మాత్రమే. తల మీద కుచ్చుండే కాకటీల్ కూడా ఆ దేశానిదే.

"రాత్రి దాకా బాగానే వుందండీ, తెల్లారి చూస్తే చచ్చి పడివుంది" అని చెప్పేవారు తరచు కనిపిస్తారు. చచ్చినది ఆడపిట్ట అయితే, అందుకు గల కారణాలలో ముఖ్యమైనది ఒకటుంది. గుడ్డు బయటికి రాక లోపలే అడ్డుపడటం. ఇది మనుషులలో కష్టకాన్పు వంటిదే. సకాలంలో గుర్తిస్తే చాలా పిట్టలను బతికించవచ్చు.

మగపిట్ట లేకుండా గుడ్డెలా?

"మాది ఒంటరి పిట్ట, జత లేదు, గుడ్డు ఎలా వస్తుంది?" అని అడుగుతారు. ఫారం కోడి పుంజు మొహం చూడకుండానే గుడ్డు పెడుతున్నది కదా! పంజరం పిట్టా అంతే. జత లేకపోయినా గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పిల్ల కాదు, అంతే తేడా.

అసలు తమది ఆడో మగో తెలియనివారే ఎక్కువ. ఎదిగిన బడ్జెరిగార్‌లో ముక్కు పైన, రంధ్రాల చుట్టూ వుండే మెత్తని భాగాన్ని చూడండి. సాధారణంగా మగదానికి నీలంగాను, గుడ్లు పెట్టే రోజులలో ఆడదానికి గోధుమ రంగుగాను వుంటుంది. కొన్ని రంగుల జాతులలో మాత్రం ఈ గుర్తు పనికిరాదు.

ఎందుకు అడ్డుపడుతుంది?

మొదటి కారణం కాల్షియం లోపం. గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియమే. గుడ్డును బయటికి నెట్టే కండరం బిగియడానికి కూడా కాల్షియమే కావాలి. అది చాలకపోతే ఒక పక్క పెంకు మెత్తబడుతుంది, మరొక పక్క నెట్టే శక్తి తగ్గుతుంది. మన యిళ్ళలో పిట్టకు ఏడాది పొడుగునా కొర్రలే మేత. కొర్రలలో దానికి కావలసినంత కాల్షియం లేదు. ఎండ తగలని పిట్టకు విటమిన్ డి కూడా చాలదు. అద్దాల కిటికీలోంచి పడే ఎండ యిందుకు పనికిరాదు.

ఇవి కాక ఒళ్ళు కొవ్వెక్కడం, రెక్కాడించే చోటు లేకపోవడం, మొదటి గుడ్డు కావడం, వయసు మళ్ళడం, చలి, ఆపకుండా గుడ్లు పెట్టడం కూడా కారణాలే.

గుర్తులు

పిట్టలు జబ్బును దాచుకుంటాయి. అడవిలో నీరసంగా కనిపించిన పిట్ట డేగ పాలవుతుంది కనుక, ఓపిక వున్నంతవరకు బాగున్నట్లే కనిపిస్తుంది. మనకు తెలిసేటంతగా నీరసించిందంటే జబ్బు ముదిరిందన్నమాటే. ఈ కింది గుర్తులను గమనించండి:

1. పుల్ల మీద వుండవలసిన పిట్ట పంజరం అడుగున, ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి కూర్చోవడం.
2. కాళ్ళు ఎడంగా పెట్టి మాటిమాటికీ ముక్కడం.
3. ఊపిరితో పాటు తోక పైకీ కిందికీ ఆడటం.
4. పొట్ట కింది భాగం ఉబ్బి వుండటం.
5. రెట్ట వేయకపోవడం, లేదా ఒక్కసారిగా పెద్ద రెట్ట వేయడం.
6. కాలు చచ్చుబడినట్లు ఈడ్వడం. లోపలి గుడ్డు నరాలను నొక్కడం వల్ల యిలా అవుతుంది. కాలు విరిగిందనుకుని కట్టు కట్టేవారున్నారు!

వెంటనే ఏం చెయ్యాలి?

పిట్టను మిగతావాటి నుంచి వేరు చేసి, గాలి ఆడే చిన్న అట్టపెట్టెలో మెత్తని బట్ట పరిచి వుంచండి. చీకటిగా, నిశ్శబ్దంగా వుండాలి. వెచ్చదనం దీనికి మొదటి మందు. పెట్టెలో 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడి వుంటే చాలు. సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, పెట్టెకు ఒక పక్కనే పెట్టండి. వేడి ఎక్కువైతే పిట్ట రెండో పక్కకు జరుగుతుంది. పాతకాలపు బల్బు వేడి యిచ్చేది గాని, యిప్పటి ఎల్.ఇ.డి. బల్బు వెలుగే తప్ప వేడి యివ్వదు. తడిబట్ట ఒకటి దగ్గర వుంచితే గాలిలో చెమ్మ వుంటుంది. నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి ఎగపోస్తుంటే వేడి ఎక్కువైందన్నమాట. మే నెల ఎండల్లో ఎలాగూ వేడి పెట్టనవసరం లేదు.

తనంత తాను తాగితే నీళ్ళు పెట్టండి. గంట, మహా అయితే రెండు గంటలు చూడండి. గుడ్డు రాకపోతే డాక్టరు దగ్గరకు బయలుదేరవలసిందే. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, నిలబడలేకపోతున్నా, నెత్తురు కనిపించినా ఆ గంట కూడా ఆగకూడదు.

ఏం చేయకూడదు?

పొట్ట నొక్కి గుడ్డు తీయాలని చూడవద్దు. లోపల గుడ్డు పగిలితే పెంకు ముక్కలు గుచ్చుకుంటాయి, పొట్టలో చీము పడుతుంది. పిట్టను గుండెల దగ్గర బిగించి పట్టుకోవద్దు. పిట్టకు మనలాగా పొట్టకూ రొమ్ముకూ మధ్య పొర కండరం లేదు. రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి. బిగించి పట్టుకుంటే ఊపిరాడక చస్తుంది.

ఆముదం గాని, మరే నూనె గాని నోట్లో పోయవద్దు. ఊపిరితిత్తులలోకి పోతుంది. బొగ్గుల కుంపటి పక్కన పెట్టవద్దు. పొగకు పిట్టలు తట్టుకోలేవు. గేదెలు పాలు చేపడానికి కొందరు చాటుగా వాడే యింజక్షను వుంది చూశారూ, దాన్ని పిట్టకు పొడిపించాలనే ఆలోచన అసలే వద్దు. దారి తెరుచుకోకుండా కండరం గట్టిగా బిగిస్తే గుడ్డుసంచే చిరుగుతుంది.

డాక్టరు దగ్గరకు

ఒకసారి చలికాలం ఉదయాన ఒకాయన ఊరి బయటినుంచి మోటారు సైకిలు మీద పంజరం వేలాడదీసుకుని ఆసుపత్రికి వచ్చారు. పిట్ట దారిలోనే పోయింది. గుడ్డు అడ్డుపడినందుకు ఎంత పోయిందో, చలిగాలికి అంత పోయింది. అందుచేత పెట్టెలో పెట్టి, వేడినీళ్ళ సీసా జతచేసి, బట్ట కప్పి తీసుకురావాలి. బయలుదేరే ముందు ఫోను చేయడం మంచిది.

పశువైద్యశాలలో కాల్షియం యింజక్షను, చర్మం కింద ద్రవాలు యిస్తారు. అవసరమైతే ఎక్సరే తీస్తారు. గుడ్డు అప్పటికీ రాకపోతే మత్తు యిచ్చి, సూదితో గుడ్డులోని సొనను లాగి, పెంకును కుదించి తీసే పద్ధతి వుంది. ఇది అన్నిచోట్లా జరగదు. మన ప్రాంతంవారు గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాలకు వెళ్ళవచ్చు.

గుడ్డుతోనో, గుడ్డు వచ్చాకో ఎర్రని కండ బయటికి వస్తే అది గుడ్డుసంచి. వేలితో లోపలికి నెట్టవద్దు. మందుల షాపులో దొరికే సెలైను నీటితో తడిపి, ఆరిపోకుండా చూస్తూ వెంటనే తీసుకురండి. మిగతా పిట్టలను దగ్గరకు రానివ్వవద్దు, పొడిచేస్తాయి.

మళ్ళీ రాకుండా

మూలికల దుకాణాలలో సముద్రపు నురుగు పేరుతో అమ్మే తెల్లని బిళ్ళ దొరుకుతుంది. అది ఒక సముద్రజీవి ఎముక. పంజరానికి కట్టి వుంచితే పిట్ట కొరుక్కుంటుంది. కోడిగుడ్డు పెంకులను నీళ్ళలో మరిగించి, ఆరబెట్టి, నూరి పెట్టినా సరే. పెరట్లో మునగాకు కాల్షియానికి పెట్టింది పేరు. బాగా కడిగి రోజూ కొంచెం పెట్టండి. పొద్దుతిరుగుడు గింజలు తగ్గించండి, వాటిలో కొవ్వు ఎక్కువ. ఉదయపుటెండ కాసేపు నేరుగా తగలనివ్వండి, పక్కన నీడ కూడా వుండాలి.

పిల్లలు అక్కరలేని వారు పంజరంలో కుండ పెట్టవద్దు. కుండ కనిపిస్తే పిట్ట గుడ్లకు సిద్ధమవుతుంది. రాత్రి పదింటిదాకా టి.వి. వెలుగులో వుంచినా అంతే. పొద్దుగూకగానే పంజరం మీద బట్ట కప్పండి. పెట్టిన గుడ్డును ఎప్పటికప్పుడు తీసేయవద్దు. తీసినకొద్దీ మరొకటి పెట్టి ఒంట్లో వున్న కాల్షియమంతా ఖర్చు చేసుకుంటుంది. పొదిగి పొదిగి తనే విసిగి వదిలేశాక తీయండి. ఒకసారి గుడ్డు అడ్డుపడిన పిట్టకు మళ్ళీ రావచ్చు. దాన్ని కొన్నాళ్ళు జతకు దూరంగా వుంచాలి.

ఇదంతా అమ్మకానికి అనుమతి వున్న విదేశీ పిట్టల సంగతి. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జబ్బుతో దొరికితే అటవీశాఖ వారికి అప్పగించాలి.

రోజూ మేత వేసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, పిట్ట పుల్ల మీద వుందా, రెట్ట మామూలుగా వుందా అని చూడటం అలవాటు చేసుకోండి. ఆ పని యింట్లో పిల్లలకు అప్పగిస్తే యింకా మంచిది. పిట్ట కింద కూర్చుంటే పెద్దవాళ్ళకంటే ముందు వాళ్ళే చూస్తారు.