మీకు తెలుసా? శాక్సొఫోన్ చదివిన ప్రార్థన

జాజ్ శాక్సొఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' ఆల్బమ్ చివరి భాగంలో శాక్సొఫోన్ ఊరికే రాగం తీయడం లేదు, ఒక ప్రార్థనను చదువుతోంది. ఆ ప్రార్థనా కవితను కోల్ట్రేనే రాసి ఆల్బమ్ కవర్‌ లోపల అచ్చు వేయించాడు. దాన్ని ఎదురుగా పెట్టుకుని 'సామ్' (కీర్తన) అనే ఆ భాగాన్ని వినండి. పలుకు వెంట పలుకుగా, అక్షరాల లెక్కన వాద్యం సాగుతుంది. పాదం పూర్తయిన చోట స్వరం దిగి, ఊపిరికి ఆగుతుంది. వెనక డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్ వాయించే టింపనీ అనే పెద్ద నగారా ఉరుముతూ ఉంటుంది. తాళం కట్టుబాటు లేదు, మాట నడకే లయ. పద్యం రాగయుక్తంగా చదవడం విన్న చెవికి ఇది వెంటనే పట్టుబడుతుందని నా నమ్మకం.

నాలుగు భాగాల ఈ ఆల్బమ్‌ను 1964 డిసెంబర్ 9న న్యూజెర్సీలోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డు చేశారు. మొదటి భాగంలో నాలుగు స్వరాల చిన్న పలుకును కోల్ట్రేన్ పన్నెండు శ్రుతుల్లోనూ తిప్పుతాడు. ఆ తర్వాతే గొంతు విప్పి ఆల్బమ్ పేరును జపంలా అంటాడు. అక్కడ ఒళ్లు జలదరించకుండా వినడం కష్టం.

1967లో నలభయ్యేళ్లకే ఆయన కన్నుమూశాడు. ఆయన భార్య, హార్ప్, పియానో విద్వాంసురాలు ఆలిస్ కోల్ట్రేన్ తర్వాతి కాలంలో పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలయ్యారు. కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి, సంస్కృత భజనలను ఆర్గన్, సింథసైజర్లతో పాడి క్యాసెట్లుగా తెచ్చారు.